మిలిటరీ వాడు వద్దన్న బండి

మోటారు బండిని రిజిస్టరు చేయించుకోవడానికి జతపరిచే కాగితాల్లో ఫారం 21 అని ఒకటుంది. అది అమ్మకపు ధ్రువపత్రం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు రాసినవాళ్ళు దాన్ని ఎవరెవరు ఇవ్వవచ్చో ఆ ఫారంలోనే చెప్పారు: బండి తయారుచేసిన కంపెనీ, అమ్మిన డీలరు, మిలిటరీ వేలంలో కొన్నదైతే రక్షణ శాఖ అధికారి. షోరూము యజమాని పక్కన సైనిక డిపో అధికారికి కూడా చోటిచ్చారంటే ఆ వ్యాపారం ఎంత మామూలుగా సాగేదో తెలుస్తుంది. ఇప్పుడు ఆ మూడో రకం కాగితం పట్టుకుని ఆర్‌టీఓ ఆఫీసు మెట్లెక్కేవాడు కనబడటం అరుదు. సినిమా పబ్లిసిటీకి తిరిగిన జీపు, ఎన్నికల్లో నెత్తిన మైకు కట్టుకున్న జీపు, ఘాట్ రోడ్డు మీద మూలుగుతూ ఎక్కిన జీపు ఒకటొకటిగా పోయాయి. వాటిలో ఎన్నో ఏదో ఒక కంటోన్మెంటులో కండెమ్ అయి బయటికొచ్చినవే. ఎందుకు పోయాయని అడిగితే అందరూ అనేది ఒకటే: చట్టం చంపేసింది. ఆ జవాబు సగమే నిజం. సైన్యం వేలంలో వదిలేసిన ఈ డిస్పోజల్ జీపు చవకని బతకలేదు, గట్టిదనీ బతకలేదు. ఎవరైనా విప్పి, మార్చి, మళ్ళీ బిగించగలిగే బండి కనుక బతికింది. అలా మార్చుకునే వీలు ఒక్కో వైపు నుంచి మూసుకుపోతూ వచ్చింది. చట్టం చేరింది చివర్లో.

వేలం పాట

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఒకే నమూనా మీద ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. ఒకదాని సామాను రెండోదానికి పట్టాలన్నది సైన్యం పెట్టిన షరతు. తూర్పు సరిహద్దు పోరు కోసం మన దేశానికి వచ్చినవాటిలో చాలా బండ్లు యుద్ధం ముగిశాక తిరిగి ఓడ ఎక్కలేదు, డిస్పోజల్స్ కింద ఇక్కడే అమ్ముడుపోయాయి. తర్వాత మహీంద్రా వాళ్ళు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. సైన్యం వాటిని కొన్నది. ఎత్తు బానెట్టు సీజే-3బీ వచ్చింది. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ నమూనా మీద జోంగా తయారైంది. 1985లో మారుతి జిప్సీ పుట్టి, కొన్నేళ్ళకు అదీ పచ్చరంగు వేసుకుని సైన్యంలో చేరింది. ఈ వరసలో ప్రతి బండికీ మిలిటరీలో ఒక గడువుండేది. ఏళ్ళూ కిలోమీటర్లూ చూసి, బాగుచేయడానికయ్యే ఖర్చు బండి విలువను మించుతుందనుకుంటే కండెమ్ అని రాసేవారు. సైన్యం లెక్కలో అక్కడితో అయిపోయిన బండికి, ఊళ్ళో మేస్త్రి లెక్కలో ఆయుష్షు అక్కడ మొదలయ్యేది.

వాడేసిన మిలిటరీ జీపు కొనడంలోని కష్టం మన ప్రభుత్వానికి కూడా తెలియకపోలేదు. 1948లో కాశ్మీర్ యుద్ధం నడుస్తుండగా, లండన్‌లో మన హైకమిషనరుగా ఉన్న వి.కె. కృష్ణమీనన్ ఒక విదేశీ సంస్థతో పాత సైనిక జీపుల కొనుగోలుకు ఒప్పందం చేశారు. దాదాపు 80 లక్షల రూపాయల బేరం అది. సొమ్ములో ఎక్కువ భాగం ముందే చెల్లిస్తే, చేరినవి 155 జీపులు. అవీ పనికొచ్చే స్థితిలో లేవు. విచారణ సంఘానికి నాయకత్వం వహించినవారు మన తిరుచానూరుకు చెందిన, తర్వాత లోక్‌సభ స్పీకరైన అనంతశయనం అయ్యంగారు. 1955 సెప్టెంబరు 30న హోంమంత్రి గోవింద వల్లభ పంత్ ఆ కేసు మూసేశామని ప్రకటించారు. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, బండి చూడకుండా డబ్బు కట్టకూడదన్న పాఠం వేలంలో పాడే ప్రతి తుక్కు వ్యాపారికీ కంఠతా వచ్చు. ఢిల్లీ పెద్దలకు అది అంత ఖరీదులో వచ్చింది.

వేలం అంటే షోరూములో లాగా నచ్చిన బండి ఎంచుకోవడం కాదు. బండ్లను లాట్లుగా పెట్టేవారు. ఒక లాటులో నడిచే జీపులు రెండుంటే, ఇంజను లేనివి రెండు, డొప్ప మాత్రమే మిగిలినది ఒకటి కలిసొచ్చేవి. ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అన్నది షరతు. కొన్నాక డైనమో లేదు, కార్బురేటర్ లేదు అంటే వినేవాడుండడు. అందుకే చూసుకోవడానికి ఇచ్చిన రోజే అసలు పరీక్ష. ఇంజను స్టార్టు చేసి చూడనివ్వరు గనక ఆయిల్ పుల్ల తీసి వాసన చూసేవారు. ఆయిలు పాల రంగుకు తిరిగి ఉంటే లోపలికి నీళ్ళు దిగినట్టు. హ్యాండిల్ పెట్టి ఒక చుట్టు తిప్పితే ఏ సిలిండర్లో పట్టుందో, ఏది ఖాళీగా జారుతోందో చేతికి తెలిసిపోయేది. ఛాసిస్ కింద పడుకుని కమాన్ల దగ్గర వెల్డింగు అతుకులు వెతికేవారు. పాట ముగిశాక ధరావతు కట్టి, మిగతా సొమ్ము గడువులోగా చెల్లించి, బండిని తాడు కట్టి లాక్కుపోవాలి. గడువు దాటితే నేల అద్దె పడుతుంది. ఒక్క జీపు కావలసిన రైతో కాంట్రాక్టరో ఈ తిప్పలు పడలేడు. వాడు వ్యాపారి దగ్గరే కొనేవాడు. మధ్యవాడి లాభం ఎంతున్నా, పది డొప్పల్లోంచి నాలుగు బండ్లు లేపే నైపుణ్యం వాడిది.

ఇంటికి తెచ్చాక మొదటి పని రంగు మార్చడం. రక్షణ శాఖ బండ్లకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదని మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే సైనిక నంబరును గీకేసి, బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించి, మామూలు నంబరు తెచ్చుకోవాలి. తెలుపో నీలమో ఎంత దట్టంగా పట్టించినా తలుపు అంచుల్లో, డాష్‌బోర్డు వెనక, సీటు కింద ఆ పాత పచ్చ మిగిలే ఉండేది. సైన్యం ఆ బండితోపాటు ఇంకొకటి కూడా ఇచ్చి పంపింది. యుద్ధభూమిలో నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు ఉన్న కుర్ర సిపాయి బాగుచేసుకునేలా గీసిన బండి అది. ఆ గుణం కండెమ్ కాలేదు. కొన్నవాడికి దక్కిన అసలు ఆస్తి అదే.

లేపడం, నడపడం

పొద్దున్నే పెట్రోలు జీపు లేపడానికి ఒక వరస ఉంది. విల్లీస్‌లో కరెంటు ఆరు వోల్టులే, రాత్రి చలికి బ్యాటరీ బిగుసుకుని ఉంటుంది. ముందు పెట్రోలు పంపు పక్కనున్న చిన్న మీటను చేత్తో ఆడించి కార్బురేటర్ నింపాలి. చోక్ పూర్తిగా లాగి, చేతి థ్రాటిల్ కొంచెం ఇచ్చి, నేల మీదున్న స్టార్టరు బొత్తాన్ని పాదంతో నొక్కాలి. రెండు మూడు మూలుగులకు అందుకోకపోతే ఆపేసి హ్యాండిల్ తీయాలి, లేకపోతే ఉన్న కాస్త కరెంటూ పోతుంది. బంపరు సందులోంచి హ్యాండిల్ దూర్చి పట్టుకునేటప్పుడు బొటనవేలును మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. షెడ్డులో చేరిన కుర్రాడికి మేస్త్రి చెప్పే మొదటి పాఠం అది. అందుకున్నాక చోక్ వేలెడు వేలెడుగా లోపలికి నెట్టాలి. ఒక్కసారి నెట్టేస్తే దగ్గి ఆగిపోతుంది.

అమెరికన్ జీపుల స్టీరింగు ఎడమ వైపు. ఎడమ పక్కన నడవాల్సిన మన రోడ్డు మీద డ్రైవరు గట్టు వైపు కూర్చుంటాడు, ఎదురుగా వచ్చేది వాడికి కనబడదు. బండి వెనక లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అని రాసుకోవడం అందుకే. పక్క సీట్లో ఉన్నవాడు కుడివైపు తొంగి చూసి పొమ్మంటే తప్ప ముందున్న లారీని దాటడానికి లేదు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. బంకులో డ్రైవరు దిగాలి, మెత్త ఎత్తాలి, మూత విప్పాలి. ఎవరైనా బీడీ ముట్టించి ఉంటే అరవాలి. మే నెలలో కడప, ఒంగోలు వైపు ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజను ఆగిపోయేది. తడిగుడ్డ పంపు మీద వేసి, అది చల్లబడేదాకా చెట్టు కింద కూర్చోవడమే వైద్యం. ప్రతి జీపులోనూ ఒక నీళ్ళ డబ్బా, ఒక పాత గోనెగుడ్డ ఉండేవి.

గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకు శక్తి కలిపేది, రెండోది బలాన్ని పెంచి వేగాన్ని తగ్గించేది. వానాకాలంలో నల్లరేగడిలో లారీలూ ఎడ్లబండ్లూ దిగబడిన చోట ఫోర్ వీల్ పెట్టి ఆ జీపు పాకుతూ దాటిపోయేది. కానీ తారు రోడ్డు ఎక్కగానే ఆ రాడ్డు తీసేయాలి. గట్టి నేల మీద మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడక తేడా వస్తుంది. ఆ తేడాను సర్దే గేరు మధ్యలో లేదు గనక షాఫ్టులు మెలితిరిగి బిగుసుకుంటాయి, తర్వాత రాడ్డు ఎంత లాగినా రాదు. అప్పుడు నాలుగు బారలు వెనక్కి పోనిస్తే ఆ బిగువు వదిలి టక్కున ఊడొస్తుంది. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నవి కావు. పక్కనున్నవాడి చేయి చూసి నేర్చుకున్నవి. యజమానికి కూడా కొంత మెకానిజం రాకపోతే ఆ బండి నడవదు. పాయింట్ల మధ్య సందు బ్లేడుతో చూసుకోవడం, ప్లగ్గులు గరుకు కాగితంతో రుద్దుకోవడం, కింగ్ పిన్నులకూ కమాన్ల చివర్లకూ గ్రీజు కొట్టడం ఇంటి పనుల్లో కలిసిపోయాయి.

ఇంజను విప్పినా భయం లేదు. విల్లీస్‌లో వాల్వులు హెడ్డులో ఉండవు, బ్లాకులోనే సిలిండర్ల పక్కన ఉంటాయి. నట్లు తీసి హెడ్డు అనే ఇనప పలక ఎత్తితే మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. మసి గీకి, వాల్వులు పేస్టుతో నూరి, కొత్త గ్యాస్‌కెట్ వేసి సాయంత్రానికి బిగించేయవచ్చు. అరిగిన బుష్ దొరకకపోతే లేతు మిషను దగ్గర గుండు ఇత్తడి కోసి చేయించేవారు. వాల్వులు అలా పక్కన ఉండటం వల్ల ఇంజనుకు శక్తి తక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ. 2.2 లీటర్ల ఇంజనుకు 60 గుర్రాల బలం ఈ రోజుల్లో చిన్న కారు కూడా ఒప్పుకోని లెక్క. కానీ ఏ సులువు వల్ల దాని శక్తి తగ్గిందో ఆ సులువు వల్లే దాని ఆయుష్షు పెరిగింది.

గుండె మార్పిడి

జీపు కథలో మలుపు పెట్రోలు ధర తెచ్చింది. 1973లో చమురు సంక్షోభం వచ్చాక పెట్రోలు పోసి జీపు నడపడం కాంట్రాక్టర్లకు కూడా భారమైంది. మన దగ్గర డీజిలు ధర ప్రభుత్వం చేతిలో ఉండేది, పెట్రోలు కన్నా బాగా తక్కువగా ఉంచేవారు. పెట్రోలు ధరను 2010లో, డీజిలు ధరను 2014లో మార్కెట్టుకు వదిలేసే దాకా ఆ తేడా కొనసాగింది. ఆ తేడా పుణ్యమా అని ఒక వృత్తి పుట్టింది. మిలిటరీ జీపులోంచి పెట్రోలు ఇంజను ఎత్తేసి, మటాడోరు వ్యానుదో, మహీంద్రా డీజిలు జీపుదో ఇంజను దించడం. చెప్పినంత తేలిక కాదది. డీజిలు ఇంజను బరువు ఎక్కువ, ముందు కమాన్లకు ఆకులు కలపాలి. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య బోల్టు రంధ్రాలు కలవవు, మందపాటి ఇనప పలక కోసి రెండు వైపులా రెండు రకాల రంధ్రాలు వేయాలి. ఆ పలక నడిమధ్య రవ్వంత పక్కకు జరిగితే క్లచ్ బేరింగు నెలలో పోతుంది. ఇంజను అదురుకు రబ్బరు మౌంటులు, కొత్త రేడియేటరు, పొగగొట్టం వంపు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పనులన్నీ ఒకే ఆవరణలో జరిగేవి. ఒక షెడ్డులో వెల్డింగు, పక్క షెడ్డులో లేతు, ఎదురు షెడ్డులో టింకరింగు. మద్రాసు పుదుపేట నుంచి, ఢిల్లీ మాయాపురి నుంచి పాత సామాను వచ్చేది.

హర్యానాలోని మండీ డబ్‌వాలీ ఈ పనిని ఏకంగా పరిశ్రమ చేసింది. వేలంలో వచ్చిన మిలిటరీ జీపుల భాగాలతో కొన్నవాడి కోరిక ప్రకారం కొత్త బండి కట్టిచ్చే షెడ్లు అక్కడ వీధుల పొడుగునా వెలిశాయి. అక్కడ కట్టిన కొన్ని బండ్లలో మిలిటరీ జీపు మిగిలింది కాగితంలో మాత్రమే అన్న విమర్శ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కాగితం ఒక బండిది, ఛాసిస్ ఇంకో బండిది, ఇంజను మూడోదానిదైతే దొంగబండికి దారి తెరిచినట్టే. అయినా ఒక మాట చెప్పుకోవాలి. జోంగా లాంటి బండి బతకాలంటే ఈ రకం మార్పు తప్ప దారి లేదు. దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను దానిది, లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు వస్తే గొప్ప. సైన్యానికి పెట్రోలు బిల్లు బెంగ లేదు గనక నడిపింది. క్రికెటర్ ధోనీ 2019లో ఒక జోంగా కొని రాంచీ వీధుల్లో నడిపితే పత్రికలు ఫొటోలు వేశాయి. ధోనీ జోంగా కొనడం వార్త అయిందంటేనే, జోంగా మామూలు మనిషి చేయి దాటిపోయిందని అర్థం.

ఎదుటివాళ్ళ మాట

ఈ బండి పోయినందుకు విచారించేవాళ్ళలో ఎక్కువమంది దాని ముందు సీట్లో కూర్చున్నవాళ్ళే అని ఒక ఆక్షేపణ ఉంది. అది నూటికి నూరుపాళ్ళూ నిజం. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు దారుల్లో జీపు వెనక ఇరవై మంది కిక్కిరిసి, బంపరు మీద, టాపు మీద వేలాడుతూ సంతకు వెళ్ళిన గిరిజనులకు అందులో అందమేమీ లేదు. బస్సు లేక ఎక్కారు. సీటు బెల్టు లేదు, తలుపు లేదు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, ఒళ్ళో పెట్రోలు ట్యాంకు. ఘాట్ రోడ్డు మీద అది బోల్తా పడితే చెప్పుకోవడానికి మిగిలేది తక్కువ. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద కొండ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊళ్ళకు కూడా రోడ్డు వేయాలని పెట్టుకున్నారు. రోడ్డు పడిన ఊరికి ఆటో వచ్చింది, కొన్నింటికి బస్సూ వచ్చింది. ఫోర్ వీల్ అవసరమే పోయింది. జీపు పోవడానికి మొదటి కారణం ఈ రోడ్డు. దీన్ని నష్టమని రాసే మనిషి డోలీలో గర్భిణిని మోసుకెళ్ళిన వాళ్ళ మొహం చూసి రాయాలి.

రెండో ఆక్షేపణ పొగ గురించి. పాత డీజిలు ఇంజను పొగ ఎవరి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, ఊళ్ళో దాన్ని కట్టడి చేయడం సబబే. కానీ పర్యావరణం లెక్క పొగగొట్టం దగ్గరే ఆపేస్తే సగం లెక్కే అవుతుంది. ఏడాదికి కాస్త దూరం తిరిగే తోట జీపును కరిగించి, దాని బదులు కొత్త బండికి ఇనుము కాచి, అల్యూమినియం పోసి, ప్లాస్టిక్ అచ్చు వేయడంలో పోయేదీ పొగే. రోజంతా నగరంలో తిరిగే టాక్సీకీ, మామిడి తోటలో మందు డ్రమ్ము మోసే జీపుకూ వయసు ఒక్కటే కొలత కావడం నాకు న్యాయంగా కనబడదు. మిలిటరీ బండి వేషంలో ఎవడో కంటోన్మెంటులో దూరతాడన్న భయమూ వినిపిస్తుంది. దానికి రంగు నిషేధం ఉండనే ఉంది. దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు.

మూడోది, జీపు పోలేదు, మహీంద్రా థార్ రూపంలో తిరిగొచ్చింది కదా అనేది. థార్ మంచి బండి. ఏసీ ఉంది, ఆటోమేటిక్ గేరుంది, బ్యాంకు వాడు వాయిదాల మీద ఇస్తాడు. జీపు ముఖం దానికి దిగింది, నిజమే. కానీ బానెట్టు ఎత్తితే ఊరి మేస్త్రి చేయి పెట్టడానికి చోటు లేదు. లోపం ఎక్కడో చెప్పేది కంప్యూటరు, దాన్ని చదివే యంత్రం కంపెనీ సర్వీసు సెంటరులో ఉంటుంది. ఇదే మార్పు సైన్యంలోనూ వచ్చింది. జిప్సీ బదులు సైన్యం 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్ బండ్లకు ఆర్డరిచ్చింది. వాటి డీజిలు ఇంజన్లలో ఇంధనం ఎప్పుడు ఎంత చిమ్మాలో నిర్ణయించేది ఎలక్ట్రానిక్ పెట్టె. పదిహేనేళ్ళ తర్వాత ఆ బండ్లను వేలంలో ఎవరికైనా ఇచ్చినా, ఆ పెట్టె మాట్లాడటం మానేస్తే గోనెగుడ్డా తడిగుడ్డా పనిచేయవు. అంటే చట్టం ఏమీ అనకపోయినా ఈ వృత్తి జిప్సీతోనే ఆగేది. పౌరులకు జిప్సీ అమ్మకం 2019లో ఆగింది.

చట్టం చేసింది

ఇక చట్టం వంతు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు అర్థం చెప్పింది. ప్రమాదాల దృష్టితో చూస్తే ఆ తీర్పును తప్పుపట్టలేం. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు నిండిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ పొడిగించరాదని, గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పంపాలని నియమం వచ్చింది. యుద్ధానికీ శాంతిభద్రతలకూ వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. వేలం ఇప్పటికీ జరుగుతోంది, అదీ కంప్యూటరు తెర మీద. పాడేవాడు మారాడు. ఒకప్పుడు పాడేవాడికి బండి కావాలి. ఇప్పుడు పాడేవాడికి ఇనుము బరువు కావాలి.

ఈ తుక్కు నియమానికి ముందే, 2021లో, పాత బండ్ల మీద ప్రేమతో ఒక నియమం తెచ్చారు. 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజి గుర్తింపు, నంబరులో వీఏ అక్షరాలు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ళ రిజిస్ట్రేషన్. ప్రదర్శనలకూ ర్యాలీలకూ నడపవచ్చు, రోజువారీ వాడకానికి కాదు. మంచిదే. అయితే ఛాసిస్సూ బాడీ ఇంజనూ మారకుండా పుట్టినప్పటి రూపంలో ఉండాలన్నది షరతు. ఇక్కడే చిక్కు. యుద్ధకాలపు విల్లీసుల్లో ఇన్నేళ్ళు రోడ్డు మీద నిలిచినవి చాలావరకు డీజిలు గుండె పెట్టించుకుని నిలిచినవే. షెడ్డులో కదలకుండా పడున్నది వింటేజి అవుతుంది, యాభై ఏళ్ళు పనిచేసి బతికినది మార్పు చేసిన బండి అవుతుంది. ఈ నాటి ప్రభుత్వపు జిప్సీ సంగతి ఇంకా తమాషా: పదిహేనో ఏట దాన్ని తుక్కు చేయమంటున్న నియమాలు, యాభయ్యో ఏట దాన్ని వింటేజిగా గౌరవిస్తామంటున్నాయి. మధ్యలో ముప్పై అయిదేళ్ళు అది ఎక్కడ ఉండాలో ఏ నియమమూ చెప్పదు.

నా తీర్పు ఇది. రోడ్ల వల్ల, ఇంధనం ధర వల్ల, ఎలక్ట్రానిక్స్ వల్ల జీపు పోవడం కాలధర్మం, దానికి ఏడవనక్కర్లేదు. బాగుచేయగల బండ్లను కూడా చూడకుండా కరిగించడం మాత్రం దుబారా. పొగ పరీక్ష, బ్రేకు పరీక్ష నెగ్గిన కండెమ్ జిప్సీలను, నగరాల్లో తిరగకూడదన్న షరతుతో, తోటలకూ కొండ ఊళ్ళకూ ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. పాత ఇంజను మార్పిడిని తనిఖీ చేసి గుర్తించే పద్ధతి కూడా వీఏ నియమాల్లో పెట్టాలి. అది జరిగేలోగా, ఇంటి వెనక తాడిపత్రి కింద పాత జీపు ఉన్నవాళ్ళు తుక్కువాడికి ఫోను చేసే ముందు ఒక పని చేయాలి. బీరువాలో సైన్యం ఇచ్చిన అమ్మకపు కాగితం ఉందేమో వెతకండి. ఛాసిస్ మీద నంబరు మసి తుడిచి ఆ కాగితంతో సరిచూడండి. ఊళ్ళో హ్యాండిల్ కొట్టడం వచ్చిన మేస్త్రి ఇంకా ఉంటే ఆయన్ని పిలిచి ఒకసారి స్టార్టు చేయించండి. పక్కన మీ పిల్లల్నో, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడినో నిలబెట్టండి.